ఎల్లమంద దుప్పిగుంజ

ఇట్టా జరగండి పిల్లలూ, ఇంకాస్త దగ్గరికి. నా కుడిచెవి ఎప్పుడో మూసుకుపోయింది గానీ నోటికి మాత్రం ఇంకా ఏ రోగమూ రాలేదు. ఆ చేట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తా వినండి. చేతులకు పని చెబితే చెవులు బుద్ధిగా ఉంటాయి.

మీ అమ్మ దుప్పి పాలు తాగి పెరిగింది. నవ్వుతున్నారా? నేనన్న మాటకు నవ్వితే నవ్వండి గానీ, సర్కారువాళ్ళ మాటకు నవ్వకూడదు. వాళ్ళు అట్టాగే అన్నారు. అడవిలో మనిషి అలికిడైతే చాలు మాయమయ్యే చుక్కల దుప్పి మన వాకిట్లో నిలబడి పాలిచ్చిందా అంటే, ఇచ్చింది. ఎట్టా ఇచ్చిందో తెలియాలంటే ముందు మా తమ్ముడు ఎల్లమంద సోమరితనం సంగతి తెలియాలి.

నన్ను ఇచ్చిన ఊరు ఎదురుగుట్ట. ఆఖరి ఇల్లు అయిపోయిన చోట కందిచేలు, కందిచేలు అయిపోయిన చోట అడవి. ఎల్లమంద నా పెళ్ళికి అరిసెల గంప మోసుకుంటూ వచ్చాడు. గంప దింపినవాడు మళ్ళీ పోలేదు. మా అత్త నారమ్మ అప్పుడప్పుడూ అనేది, "కోడలా, అరిసెలు అయిపోయి ఎన్నాళ్ళయింది, గంప ఇంకా ఇక్కడే ఉందే" అని. వాడికి వినపడేట్టే అనేది. వాడు విని, పక్కకు తిరిగి పడుకునేవాడు.

అట్టాంటివాడికి వేట మీద మనసు పడింది. వేట కూడదని సర్కారు చట్టం చేసిన కొత్త. అయినా దొంగచాటుగా పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. వాళ్ళు పొద్దస్తమానం గుట్టలెక్కి దిగేవాళ్ళు. మావాడికి ఆ ఎక్కడం దిగడం నచ్చలేదు.

"దుప్పి దగ్గరికి మనం పోవడమెందుకక్కా? దానికి నాలుగు కాళ్ళున్నాయి, నాకు రెండే గదా. ఎవరు నడవాలి?"

అని చెప్పి దుప్పిగుంజ కట్టాడు. వాడి బతుకులో వాడు కష్టపడి చేసిన పని అదొక్కటే, కాబట్టి వివరంగా చెబుతా. కందిచేను గట్టు మీద ఒక తుమ్మగుంజ పాతాడు, మనిషి ఛాతీ ఎత్తున. దాని తలకాయన ఖాళీ కిరసనాయిలు డబ్బా బిగించాడు. డబ్బా అడుగున బొక్క కొట్టి, ఆ బొక్కలోంచి ఒక పుల్లను తీగతో వేలాడదీశాడు. డబ్బా నిండా జొన్నలు, కందిపొట్టు, ఎండిన ఇప్పపువ్వు. దుప్పి వచ్చి మూతితో ఆ పుల్లను కదిలిస్తే, పుల్ల డబ్బాకు తగిలి గలగలమంటది, సందులోంచి గుప్పెడు గింజలు కింద బిగించిన రేకు మీద రాలతాయి. తింటది. మళ్ళీ కదిలిస్తది. వాన పడకుండా పైన పగిలిన కుండమూకుడు. ఎలుకలెక్కకుండా గుంజకు కంపముళ్ళు చుట్టాడు. ఎదురుగా మద్దిచెట్టు మీద మంచె, మంచె మీద నాటుతుపాకీ, తుపాకీ పక్కన మావాడు.

జొన్నలు ఎవరివనుకున్నారు, నా గాదెలోవే. అది తెలిసిన రోజు రోకలి విసిరాను. వాడికి తగల్లేదు, డబ్బాకు తగిలింది. డబ్బాకు ఎడమపక్క ఇంత సొట్ట పడింది. ఆ సొట్ట గుర్తుపెట్టుకోండి. గుంజ కూడా లోతుగా తవ్వలేదు బద్ధకమేసి. అది తూర్పు పక్కకు వాలిపోయింది. ఆ వాలు కూడా గుర్తుపెట్టుకోండి.

దుప్పులు వచ్చాయి. సాయంకాలం పొద్దు వాలే వేళకు గుంపుగా వచ్చి, ఒకదాని తరవాత ఒకటి పుల్లను కదిలించి తినిపోయేవి. మావాడు ఒక్కదాన్నీ కొట్టలేదు. మొదటిసారి "ఇంకాస్త బలవనీలే" అని వదిలేశాడు. తరవాత మంచె మీద నిద్రపోయాడు, వాడి గురకకు దుప్పులు అలవాటు పడ్డాయి. ఒకసారి గురిపెట్టి తుమ్మితే తుపాకీలో మందంతా ఎగిరిపోయింది.

"ఏరా, ఇయ్యాలైనా పడిందా?" అని అడిగేదాన్ని.

"పడిందక్కా."

"ఏదిరా?"

"నేనే. మంచె మీంచి."

దుప్పులు నున్నగా బలిశాయి, నా గాదె చిక్కిపోయింది.

ఇప్పుడు అసలు మనిషి సంగతి. మనిషి అంటే మేక. పేరు చుక్కి. ఎర్రటి ఒంటి మీద తెల్లటి చుక్కలు, గడ్డం కింద ఇంత గడ్డం. మీ అమ్మ నా కడుపులోంచి బయటపడ్డాక నాకు పచ్చకామెర్లు వచ్చి పాలు ఎండిపోయాయి. గేదెపాలు పడితే బిడ్డకు కడుపు నిలిచేది కాదు. ఆవుపాలు పట్టాం, అదీ అంతే. చుక్కి పాలు ఒక్కటే ఒంటికి పట్టాయి. ఆ మేక ఉంటే మీ అమ్మ ఉంది, అది లేకపోతే లేదు. అంతే లెక్క. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

చుక్కికి ఒకటే యావ. దుప్పిగుంజ గలగలమన్న చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకుపోయేది. దుప్పుల కోసం కట్టిన గుంజ దగ్గర దుప్పుల కంటే అదే ఎక్కువ తిన్నది.

ఒకరోజు పొద్దున గలగలమంటా చప్పుడు వినిపించింది. చుక్కి తాడు తెంపుకుని పరిగెత్తింది. చూస్తే గుంజ కాదు, అడవిశాఖ వాళ్ళ జీపు. ఆ జీపులో బిగువుగా ఉన్నది ఏదీ లేదు, డ్రైవరు ముఖం తప్ప. అది వస్తుంటే వంద దుప్పిగుంజలు ఒక్కసారి కదిలినట్టుండేది.

ఊళ్ళో వేట సాగుతున్నదని ఎవరో ఉప్పందించారు. మావాడు తుపాకీని గడ్డివామిలోకి దూర్చి గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను బిడ్డను చంకనేసుకుని పరిగెత్తా. వెనకే మా అత్త. జీపులోంచి అధికారి దిగాడు. ఆయన పేరు కమలనాభంగారు. పక్కన గార్డు మస్తానయ్య, మంచివాడు, ఏది చెబితే అది రాసుకునేవాడు.

"సదరు నిర్మాణం ఏమిటి?" అన్నాడు కమలనాభంగారు, గుంజ చుట్టూ తిరుగుతా.

నేనే అన్నా, "దుప్పులకు మేత పెడుతున్నామయ్యా."

"కారణం?"

"ఆకలేసి వస్తాయి గదా పాపం" అన్నది మా అత్త.

"ఆ పైనున్న మంచె?"

"తిన్నాయో లేదో చూసుకోవడానికి."

పిల్లలూ, ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చెప్పండి. కమలనాభంగారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. తరవాత మస్తానయ్య చెప్పాడు, పై ఆఫీసునించి తాకీదు వచ్చిందంట, ప్రతి అధికారీ నెలాఖరులోగా ఒక కొత్త ఆలోచన పంపాలని. ఆయన దగ్గర ఆలోచన లేక అన్నం సయించడం లేదంట.

"మస్తానయ్యా, రాసుకో. ప్రజల స్వచ్ఛంద భాగస్వామ్యంతో వన్యప్రాణి పోషణ స్తంభం. ప్రాథమిక పరిశీలనలో అత్యంత సంతృప్తికరం. కొలతలు తీయి."

మస్తానయ్య టేపు పెట్టి కొలిచాడు. ఎత్తు కొలిచాడు, డబ్బా కొలిచాడు, వాలు కొలిచాడు, సొట్ట కొలిచాడు. మావాడు బతికిపోయాననుకుని వెళ్ళి పడుకున్నాడు.

పక్షం తిరక్కముందే దండోరా పడింది. ఇంటింటికీ ఒక పోషణ స్తంభం పాతాలి. నమూనా ప్రకారమే ఉండాలి. నమూనా అంటే మావాడి గుంజ. నిటారుగా పాతినవాళ్ళందరి చేతా పీకించి తూర్పుకు వాల్చి పాతించారు. డబ్బాలకు ఎడమపక్క సొట్ట ఉండి తీరాలి. ఆ రోజు ఎదురుగుట్టలో ఆడవాళ్ళందరూ వాకిట్లో నిలబడి రోకళ్ళతో డబ్బాలు మోదుతుంటే, పక్కూరివాళ్ళు మన ఊళ్ళో ఏదో జాతర అనుకున్నారు. మా పక్కింటి సుబ్బులు అడిగింది, "అక్కా, ఈ సొట్ట దేనికే?" "గింజ కిందికి జారడానికి శాస్త్రీయంగా ఉండాలంట" అన్నా. నా కోపానికి అంత శాస్త్రం ఉందని నాకే తెలియదు.

ఇంకో నిబంధన, స్తంభం అడవిలో పాతకూడదు. చేలల్లోనే పాతాలి.

"అదేందయ్యా, దుప్పులుండేది అడవిలో గదా" అన్నాడు మావాడు.

"అడవి రక్షిత ప్రాంతం. అందులో ఏ నిర్మాణమూ చట్టవిరుద్ధం."

"మరి దుప్పులకు ఎట్టా అందుద్ది?"

"అది దుప్పుల వ్యక్తిగత విషయం" అన్నాడు కమలనాభంగారు.

ప్రతి గుంజకూ ఆకుపచ్చ రంగు వెయ్యాలన్నారు, అడవిలో కలిసిపోయేట్టు. గుంజకు యజమాని పేరు పలక కూడా కట్టాలి. మస్తానయ్య మా ఇంటికొచ్చి, "ఇంటాయన పేరు చెప్పమ్మా" అన్నాడు. మీ తాత సున్నపురాళ్ళ బండి తోలుకుని పోయాడు, ఊళ్ళో లేడు. ఆయన పేరు నేను ఎట్టా చెప్పను? మా అత్తను అడగమన్నా. మీ తాతకు పెట్టింది వాళ్ళ తాత పేరు, అంటే మా అత్తకు మామగారి పేరు. ఆమె ఎట్టా చెబుతుంది? ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటా నిలబడ్డాం. మస్తానయ్య కాసేపు చూసి పలక మీద రాసుకుపోయాడు. యజమాని: పేరు చెప్పరు. ఆ పలక చాలా కాలం ఉంది.

రంగు వేయడమే తడవు, దుప్పులు మాయం. ఆ వాసనకు రెండు గుట్టలు అవతలికి పోయాయి. అంతకుముందు ఒక్క గుంజ ఉన్నప్పుడు గుంపులుగా వచ్చినవి, ఊరంతా గుంజలు పాతాక ఒక్కటీ రాలేదు. గింజలు కాకులు తిన్నాయి, ఉడతలు తిన్నాయి, పందులు గుంజలను పెళ్ళగించి తిన్నాయి. అధికారులకు ఏం చెప్పాలి?

కమలనాభంగారు చావడిలో ఊరిని కూర్చోబెట్టాడు.

"లబ్ధిదారులు హాజరవుతున్నారా?"

"ఎవరయ్యా?"

"దుప్పులు."

"వస్తున్నాయయ్యా" అన్నారు అందరూ. రావడం లేదంటే ఎవరిది తప్పవుద్దో తెలియదు గదా.

"ఆధారం ఏమిటి? ఈ ఊళ్ళో చదువురానివాళ్ళు ఏం చేస్తారు, వేలిముద్ర వేస్తారా లేదా? దుప్పులకు కూడా చదువు రాదు. అందుచేత ప్రతి లబ్ధిదారు చేతా గిట్టముద్ర వేయించాలి. గిట్టముద్ర లేని స్తంభాన్ని పోషణ స్తంభంగా పరిగణించడానికి వీలులేదు. దుప్పిని పోషించని స్తంభం ఇంకెందుకు ఉన్నట్టు? వేటకు. అప్పుడు వేట నేరం కింద కేసు."

మావాడు వామి వంక చూశాడు. నేను వాడి వంక చూశా. నిజమే గదా పిల్లలూ, ఊళ్ళో వేటకు పాతిన గుంజ ఒక్కటే, అది వాడిదే.

ఆ రోజు నించి ఎదురుగుట్టలో మేకలన్నింటికీ కాళ్ళు నల్లబడ్డాయి. దీపం మసి ఆముదంలో కలిపి, ఎవరికి దొరికిన మేక కాలు వాళ్ళు ముంచి, మస్తానయ్య ఇచ్చిన అట్టల మీద అచ్చు వేయించారు. మేక గిట్ట చీలినట్టే ఉంటుంది, దుప్పి గిట్టా చీలినట్టే ఉంటుంది. ఎవరు పోయి చూశారు? ఒకడు మేక దొరక్క పంది కాలు వేయించాడు, అదీ జమ అయింది. మా గుంజకు మాత్రం రోజూ చుక్కే. గలగలమంటే తనే వచ్చేది, కాలు తనే ఎత్తేది.

అదే కొంప ముంచింది. కమలనాభంగారు ముద్రలన్నీ పరచుకుని చూసి, "ఈ పేరు చెప్పరు అనేవారి స్తంభానికి ఒకే లబ్ధిదారు క్రమం తప్పకుండా హాజరవుతున్నది. ఇంత క్రమశిక్షణ నేను సిబ్బందిలో కూడా చూడలేదు. దర్శించాలి" అని బయలుదేరాడు.

జీపు చప్పుడు విని చుక్కి ఎదురెళ్ళింది. ఆయన దిగి, దాని కాలెత్తి అట్ట మీది ముద్రతో పోల్చి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

"ఇదే ఆ దుప్పి" అన్నాడు.

"అయ్యా, అది మా మేక. చుక్కి. దీని పాలే బిడ్డకు" అన్నా నేను.

"ముద్ర దుప్పిది. కాలు ముద్రకు సరిపోయింది. కాబట్టి కాలు దుప్పిది. కాలు దుప్పిదైతే, దాని మీదున్న శరీరం ఎవరిది?"

నేను బిడ్డను ఇంకో చంకకు మార్చుకున్నా.

"లేక ఇది మేకేనంటారా?" అన్నాడాయన నెమ్మదిగా. "అట్లయితే ముద్ర తప్పుడు ముద్ర. స్తంభం పోషణ స్తంభం కాదు. బాగా ఆలోచించి చెప్పండి. ఇది మేకా, దుప్పా?"

మేక అంటే తమ్ముడు జైలుకు. దుప్పి అంటే బిడ్డకు పాలు లేవు. నేను చంకలో ఉన్న మీ అమ్మను చూశా. వామి పక్కన ఉన్న మావాణ్ణి చూశా. మా అత్తే ముందుకొచ్చి, "మీరు ఏదంటే అదేనయ్యా, చదువుకున్నోళ్ళు" అన్నది. ఆమె అట్టా అన్నప్పుడల్లా ఎదుటివాడు జాగ్రత్తగా ఉండాలి. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"సదరు దుప్పిని తాడుతో కట్టివేయడం నేరం. తెలియక చేశారు గనక మందలించి వదిలేస్తున్నాను. దీన్ని సహజ ఆవాసంలో విడిచిపెట్టాలి."

చుక్కి మెడలో బంతిపూల దండ వేశారు. అది దండను అక్కడే తినేసింది. జీపు ఎక్కించారు. అడవిలోకి తీసుకుపోతుంటే నేను చేనుగట్టు దాకా పరిగెత్తి ఆగిపోయా. ఆ రోజు బిడ్డకు గంజి పట్టాను. రెండు గుక్కలు తాగి కక్కేసింది. మావాడు అన్నం ముట్టలేదు. వాడు అన్నం ముట్టకపోవడం నేను చూసింది అదే మొదలు.

పొద్దు వాలేటప్పటికి జీపు తిరిగొచ్చింది, గలగలమంటా. దాని వెనకాల చుక్కి, నాలుక బయటపెట్టుకుని పరిగెత్తుకుంటా. అడవిలో దాన్ని దింపి వీళ్ళు జీపు కదిలించగానే, అది మేత గంట అనుకుని వెంటపడింది. నేను వెళ్ళి దాని మెడ వాటేసుకున్నా.

"తాకరాదు" అన్నాడు కమలనాభంగారు. కానీ ఆయన ముఖం వెలిగిపోతున్నది. "రాసుకో మస్తానయ్యా. అడవిలో విడిచిపెట్టబడిన దుప్పి తన స్వేచ్ఛాభీష్టంతో పోషణ స్తంభానికి తిరిగి వచ్చినది. పథకం దిగ్విజయం. ఇకమీదట సదరు దుప్పి ఈ వాకిట్లో అతిథి. కట్టరాదు, కొట్టరాదు, ఏ విధమైన శారీరక స్పర్శా చేయరాదు."

ఆయన వెళ్ళిపోతా మస్తానయ్యను కాపలా పెట్టి పోయాడు. నేను చెంబు తీసుకుని కూర్చోగానే మస్తానయ్య దగ్గాడు.

"అమ్మా, అది వన్యప్రాణి."

"బిడ్డ ఏడుస్తుందయ్యా."

"నాకూ వినబడతందమ్మా." అటు తిరిగి నిలబడ్డాడు పాపం. తిరిగి నిలబడినా రేపు ఇంకొకరొస్తే? దొంగతనంగా ఎన్నాళ్ళు పిండను?

మర్నాడు కమలనాభంగారు రాగానే మా అత్త ఎదురెళ్ళి, నులకమంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"బాబూ, చదువు లేనిదాన్ని, ఒక అనుమానం. అడవిలో ఇప్పచెట్టుంది. అది సర్కారుదా, మాదా?"

"ప్రభుత్వానిది."

"మరి దాని కింద రాలిన పువ్వు మేం ఏరుకుంటున్నాం గదా. తప్పు కాదూ?"

"తప్పు కాదమ్మా. అది చిన్నతరహా అటవీ ఫలసాయం. చెట్టు ప్రభుత్వానిది, రాలినది స్థానికులది. అనుమతి చీటీ ఇస్తాం."

"చెట్టును ముట్టుకోవచ్చా?"

"ఫలసాయ సేకరణకు అవసరమైన మేరకు కొమ్మ ఊపవచ్చు."

"అదృష్టం. మరి ఈ దుప్పి ఉంది. దీన్నించి సాయంత్రం అయ్యేటప్పటికి పాలు వాటంతటవే కారిపోతున్నాయి మట్టిలో. సర్కారు సొత్తు నేలపాలు. చూడలేకపోతున్నా బాబూ."

కమలనాభంగారు మజ్జిగ గ్లాసు అట్టాగే పట్టుకుని చాలాసేపు ఆకాశం వంక చూశాడు. కొత్త ఆలోచన వచ్చేటప్పుడు ఆయన ముఖం పెసరట్టు తిరగేసినట్టుండేది.

"మస్తానయ్యా. దుగ్ధరూప అటవీ ఫలసాయం. రాసుకో."

చీటీ వచ్చింది. దుప్పినించి రాలిన పాలను ఏరుకోవడానికి, అవసరమైన మేరకు ఊపడానికి. నేను చెంబు తెచ్చి చుక్కి పక్కన కూర్చుని, అవసరమైన మేరకు ఊపాను. బిడ్డ తాగి నిద్రపోయింది. రోజూ ఒక చిన్న గ్లాసు నాణ్యత పరీక్ష కోసం పంపమన్నారు. ఆ పరీక్ష వాళ్ళు టీ పొడి, చక్కెర వేసి చేసేవాళ్ళు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఇట్టాంటి దుప్పి ఒకటుందని పేరు పైకి పాకింది. పైనించి పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడన్నారు. కమలనాభంగారు ఊరంతా సున్నం కొట్టించి, గుంజలన్నింటి వాలు మళ్ళీ సరిచూసి, మావాణ్ణి కొత్త పంచెతో గుంజ పక్కన నిలబెట్టాడు.

పెద్ద దొర కారు దిగాడు. ఆ కారు చప్పుడు చేయదు, అందుకని చుక్కి కదల్లేదు. కమలనాభంగారు సైగ చేస్తే మావాడు పుల్ల కదిలించాడు. గలగలమనగానే చుక్కి వచ్చి, అలవాటుగా కాలెత్తి నిలబడింది.

పెద్ద దొర కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "దీనికి గడ్డం ఉందేమిటి?"

"పోషణ అధికమైంది సార్."

చుక్కి మే అన్నది.

"ఈ అరుపేమిటి?"

"ఒక్కో ప్రాంతంలో ఒక్కో యాస సార్. ఇక్కడివి ఇట్లాగే పలుకుతాయి."

అప్పుడే మద్దిచెట్టుకు కట్టిన ఉయ్యాలలో మీ అమ్మ లేచి ఏడ్చింది. చుక్కి ఆ ఏడుపు విని మేత వదిలేసి, నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయి నిలబడింది. పెద్ద దొర రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"అద్భుతం. ఇటువంటి దుప్పి ఈ మారుమూల ఉండకూడదు. పట్నంలో జంతుప్రదర్శనశాలకు తరలించండి. లక్షలమంది చూడాలి. రేపే లారీ పంపుతాను."

పట్నం లారీ వెనకాల దుప్పిగుంజ చప్పుడేమీ ఉండదు. ఎక్కితే ఇక రాదు.

అప్పుడు మా ఎల్లమంద, బతుకులో ఎవరికీ ఎదురు నిలబడనివాడు, గుంజ వదిలేసి ముందుకొచ్చాడు.

"అయ్యా, అది దుప్పి కాదు. మా అక్క మేక. ఈ గుంజ దుప్పుల్ని వేటాడదామని నేను కట్టిన గుంజ. తుపాకీ వామిలో ఉంది. నన్ను తీసుకుపోండి, దాన్ని వదిలేయండి."

నేను ఉయ్యాల తాడు పట్టుకుని వాడి వంకే చూస్తున్నా. అరిసెల గంప మోసుకొచ్చినవాడు. ఆ గంప ఇప్పుడు దిగింది.

పెద్ద దొర కమలనాభంగారి వంక తిరిగాడు. "ఏమంటున్నాడితను?"

"వినయం సార్. పేరు బయటికి రావడం ఈ ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు. పలక చూడండి."

పెద్ద దొర పలక చదివి తలాడించాడు. మావాడు మళ్ళీ అన్నాడు, "నిజమయ్యా, నేను వేటగాణ్ణి."

"ఎన్ని దుప్పుల్ని కొట్టావు?"

మావాడు తలొంచుకున్నాడు. "ఒక్కటీ లేదయ్యా."

"చూశారా" అన్నాడు పెద్ద దొర, వాడి భుజం తట్టి. "ఇక మేక అంటున్నావు. ఇది మేక అనడానికి ఏ ఆధారమైనా ఉందా?"

ఏముంటుంది పిల్లలూ? మేకకు మేకనని చీటీ ఎవరిస్తారు? దుప్పి అనడానికైతే అట్టల కొద్దీ ఉన్నాయి.

అయితే కమలనాభంగారి ముఖం మాత్రం పాలిపోయింది. చుక్కి పోతే ఆయనకు హాజరయ్యే దుప్పి ఇంకొకటి లేదు. గుంజలన్నీ ఒట్టి గుంజలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక సాంకేతిక ఇబ్బంది. ఈ దుప్పి మీద ఫలసాయ అనుమతి జారీ అయి ఉంది."

"అయితే?"

"స్థానికులకు ఫలసాయ హక్కు ఉన్న చెట్టును నరకడం గాని, పెకలించడం గాని, వేరొక చోటికి తరలించడం గాని నిషిద్ధం సార్. నిబంధన చాలా కచ్చితం."

"అది చెట్లకు సంబంధించిన నిబంధన."

"ఫలసాయం ఇచ్చునది చెట్టు సార్. నిబంధనలో వేరే మాట లేదు. ఫలసాయం ఇచ్చుచున్నది గనక, నిబంధన దృష్టిలో ఇది చెట్టు."

పెద్ద దొర చుక్కి చుట్టూ ఒకసారి తిరిగాడు. అది, కారు దిగగానే ఊరివాళ్ళు వేస్తే ఆయన తీసి చేత పట్టుకున్న దండను తినడం మొదలుపెట్టింది.

"చెట్టయితే నంబరు ఏది?" అన్నాడు.

"వేయిస్తాం సార్."

అట్టా మేక దుప్పి అయింది, దుప్పి చెట్టయింది. అది మాత్రం ఏ రోజూ ఏదీ కాలేదు, నెమరేస్తా కూర్చుంది. మస్తానయ్య కుంచె తెచ్చి, అడవిలో మానులకు వేసినట్టే దాని పిర్ర మీద తెల్ల రంగుతో నంబరు వేశాడు. లారీ ఎక్కించడానికి వీల్లేదు. నేను చెంబు తీసుకుని కూర్చున్నా. పెద్ద దొర చూస్తుండగానే, అవసరమైన మేరకు ఊపాను.

కమలనాభంగారికి పెద్ద ఉద్యోగం అయి పట్నం పోయాడు. తరవాత వచ్చిన అధికారికి గుంజలంటే ఆసక్తి లేదు, ఆయన ఆలోచన వేరే ఏదో చెరువుల్లో కొంగల గురించి. మెల్లగా ఆడవాళ్ళు గుంజల మధ్య తాళ్ళు కట్టి బట్టలారేసుకున్నారు. రంగు వెలిశాక దుప్పులు మళ్ళీ రావడం మొదలుపెట్టాయి. మావాడు మంచె మీద పడుకుని వాటిని చూసేవాడు, ఒట్టి చేతులతో. ఆ తుపాకీ గొట్టం ఏమైందంటారా? నా వంటింట్లో పొయ్యి ఊదుకోవడానికి పనికొచ్చింది. మీ అమ్మకు గోరువెచ్చగా పాలు కాచింది దానితో ఊదిన మంట మీదే.

చుక్కి ముసలిదై పోయినప్పుడు మస్తానయ్యకు కబురు పెట్టాం. సర్కారు చెట్టు గదా, చెప్పకుండా ఎట్టా? ఆయన వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. తరవాత ఆఫీసునించి జవాబు వచ్చింది. ఎండిన చెట్టును స్థానికులు వంటచెరకుగా వాడుకోవచ్చునని. మేం అట్టా వాడలేదు. ఎల్లమంద గుంజ కింద, తూర్పు పక్క, ఆ వాలు నీడ పడే చోట పూడ్చిపెట్టాం. గొయ్యి వాడే తవ్వాడు. ఈసారి లోతుగా తవ్వాడు.

ఎదురుగుట్ట ఘాటు రోడ్డులో, మలుపు తిరగ్గానే ఒక బోర్డుంటుంది, "దుప్పులు దాటే చోటు, నెమ్మదిగా పోవలెను" అని. దాని మీద దుప్పి బొమ్మ వేయడానికి వచ్చిన ఆర్టిస్టుకు చూపించడానికి ఆఫీసువాళ్ళకు ఇంకో దుప్పి తెలియదు. చుక్కి బతికున్న రోజుల్లోనే మన వాకిట్లో కూర్చుని దాన్ని చూసి వేసుకుపోయాడు. బస్సులో పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని చూడండి. ఆ దుప్పికి గడ్డం ఉంటుంది, పొదుగు ఉంటుంది. బస్సులో ఎవరైనా "అదేం దుప్పి" అని నవ్వితే, మీరు ఊరుకోకండి. దాని పేరు చుక్కి అని చెప్పండి. మీ అమ్మను బతికించిందని చెప్పండి. విన్నవాళ్ళను ఇంకో నలుగురికి చెప్పమనండి, గడ్డం సంగతి మర్చిపోకుండా. నాకు కాగితాల మీద నమ్మకం లేదు, మీ నోళ్ళ మీదే ఉంది.

ఏదీ, ఆ చేట ఇట్టా తెండి. గింజలు సగం అట్టాగే ఉన్నాయే.